నిండు నాదము: ఇంటి స్టీరియోను బాగుచేసికొను విధము



నేను భౌతికశాస్త్రము బోధించువాడనని యెఱిగిన తల్లిదండ్రులలో కొందరు పాఠశాలకు వచ్చినపుడు నన్నొక ప్రశ్న అడుగుచుందురు. "మాస్టారూ, మా యింట స్టీరియో యున్నది. పాట వినబడును గాని చెవికి ఇంపుగా నుండదు. పలుచగా, గీచినట్లుగా నుండును. నిండుగా, మెత్తగా వినబడవలెనన్న ఏమి కొనవలెను?" అని. దీనికి నా సమాధానమొక్కటే: ముందుగా ఏమియు కొనవలదు. మొదట వినుడు, పిదప పరీక్షింపుడు, ఆ తరువాత ఇంటిలోని వస్తువులను జరిపి చూడుడు. సొమ్ము తీయుట అన్నిటికంటె కడపటి పని. ఈ మాట నేను పుస్తకములో చదివి నేర్చినది గాదు, నష్టపడి నేర్చినది. ఆ సంగతి ముందుగా చెప్పి, దాని వెనుకనున్న శాస్త్రమును పిదప వివరించెదను.

మా తండ్రిగారు పల్లెటూరి బడిపంతులు. సాయంకాలమున వీధి యరుగుపై కూర్చుండి పద్యములు చదువుచుండెడివారు. ఆయనది కంచుకంఠము, నాలుగిండ్ల యవతలికి వినబడెడిది. 1994వ సంవత్సరమున మా మేనమామగారు ఒక చిన్న టేపురికార్డరు తెచ్చి, ఆయన చదివిన పద్యములను కాసెట్టుపై పట్టియుంచిరి. తండ్రిగారు గతించిన పిమ్మట ఆయన కంఠము మాకు మిగిలినది ఆ కాసెట్టులోనే. మేము ఇల్లు మారి, స్టీరియోను క్రొత్తయింట అమర్చుకొన్న తరువాత ఒకనాడు దానిని పెట్టి మా అమ్మను పిలిచితిని. ఆమె కొంతసేపు విని, "ఇది మీ నాన్నగారి గొంతు కాదురా" అని లోపలికి పోయెను.

ఆ మాట నన్ను మిక్కిలి బాధించెను. యంత్రము పాతబడినదని తలచి, వంటింటి కప్పు బాగుచేయించుటకై దాచిన చీటీ సొమ్ము తీసి క్రొత్త ఆంప్లిఫయరు కొంటిని. దుకాణదారుడు దాని వాట్ల సంఖ్యను చూపి చాల పొగడెను. ఇంటికి తెచ్చి, పాత తీగలనే దానికి తగిలించి కాసెట్టు పెట్టగా ధ్వని పెద్దదాయెనే గాని నిండలేదు. రేకుడబ్బాలో పలికినట్లే యుండెను. ఇల్లలుకగనే పండుగ కాదని అప్పుడు తెలిసినది. ఆ యేటి వానలకు వంటిల్లు కారినది కూడ.

నిండుదనమనగా నేమి?

నాదమనునది గాలియందలి కదలిక. స్పీకరులోని కాగితపు గిన్నె ముందుకు వచ్చినపుడు దాని యెదుటి గాలి నొక్కబడును. వెనుకకు పోయినపుడు పలుచబడును. తొమ్మిదవ తరగతివారు వీనినే సంపీడనములు, విరళీకరణములు అని చదువుకొందురు. ఒక సెకనులో ఇట్టి కదలికలెన్నియో ఆ సంఖ్య పౌనఃపున్యము. దానికి కొలత హెర్ట్జు. చిన్నవారి చెవికి సుమారు 20 మొదలు 20,000 హెర్ట్జుల వఱకు వినబడును. వయస్సు పెరిగినకొలది పైకొస తగ్గుచు వచ్చును.

పురుషుడు మాటలాడునప్పటి మూలస్వరము సాధారణముగా 100 మొదలు 150 హెర్ట్జుల ప్రాంతమున నుండును. దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యము గల అనుస్వరములు దానితో కలిసి మ్రోగును. ఈ మూలస్వరమును, దానికి దాపున నుండు అనుస్వరములును, అనగా సుమారు 100 మొదలు 400 హెర్ట్జుల వఱకు గల భాగము, సమృద్ధిగా నున్నచో గొంతు నిండుగా నుండును. ఆంగ్లేయులు దీనిని వెచ్చని నాదమందురు. మనవారు కంచుకంఠమందురు, గంభీరమైన గొంతందురు. ఆ భాగము క్షీణించి 2,000 హెర్ట్జులకు పైనున్నది మాత్రమే మిగిలినచో, మాట స్పష్టముగనే తెలియును గాని అందులో జీవముండదు. కావున నిండుదనము కోరువాడు "ఇంకేమి చేర్చవలెను?" అని గాక, "ఉండవలసిన అడుగుభాగ మెక్కడ పోయినది?" అని అడుగవలెను.

అనుస్వరముల పొందికయే నాదమునకు రుచి నిచ్చునని తెలిసికొనుటకు మన మృదంగము చక్కని ఉదాహరణము. సామాన్యమైన డప్పు మూతపై పుట్టు ఉపరిస్వరములు మూలస్వరమునకు సరియైన గుణిజములు కావు. అందుచేత అది మ్రోతయే గాని శ్రుతి కాదు. మృదంగపు కుడిమూత నడుమ నంటించిన నల్లని పూత బరువువలన ఆ స్వరములు సరియైన గుణిజములకు వచ్చి చేరును. ఈ సంగతిని 1920వ సంవత్సరమున లోకమునకు ప్రకటించినవారు చంద్రశేఖర వేంకట రామన్ గారు. ఆయన బాల్యమున చదివినది విశాఖపట్టణములోని సెయింట్ అలోషియస్ పాఠశాలలో. అదియు మిషను బడియే యని మన విద్యార్థులు గుర్తుంచుకొందురుగాక.

రెండు తీగల మర్మము

ఇక మా యింటి సంగతికి వచ్చెదను. మా అమ్మాయి అప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచుండెను. నేను విసిగి కూర్చుండగా అది ఒక స్పీకరు పెట్టె దగ్గర చెవియొగ్గి విని, పిదప రెండవదాని దగ్గర విని, నాతో నిట్లనెను: "నాన్నగారూ, ఒక్కొక్క పెట్టె దగ్గర తాతయ్య గొంతు బాగుగనే యున్నది. రెంటి నడుమకు వచ్చినచో పోవుచున్నది. ఈ పెట్టె గాలిని ముందుకు నెట్టునప్పుడు ఆ పెట్టె వెనుకకు లాగుచున్నదేమో!"

నేను లేచి చూచితిని. స్పీకరు పెట్టెకు వెనుక ఎఱుపు, నలుపు రంగులుగల రెండు కొనలుండును. ఆంప్లిఫయరునకును అట్లే యుండును. ఎఱుపు ఎఱుపునకు, నలుపు నలుపునకు కలుపవలెను. ఇల్లు మారినపుడు నేను గుర్తులేని తీగను వాడి, కుడి పెట్టెకు సరిగను, ఎడమ పెట్టెకు తలక్రిందుగను తగిలించితిని. ఆంప్లిఫయరు మార్చినప్పుడును ఆ తప్పునే మరల చేసితిని. పాత టేపురికార్డరు పట్టినది ఒక్క మైకుతో గావున రెండు పెట్టెలకును ఒకే నాదము వచ్చుచుండెను. ఒకటి సంపీడనము చేయునప్పుడు రెండవది విరళీకరణము చేయుటచే అవి ఒకదానినొకటి చంపుకొనుచుండెను.

అట్లయిన నాదమంతయు పోక, అడుగుభాగమే ఏల పోయినది? నాదము గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. కావున 100 హెర్ట్జుల తరంగము పొడవు 3.4 మీటర్లు, 5,000 హెర్ట్జుల తరంగము పొడవు 7 సెంటీమీటర్లకు లోపు. మనము కొంచెము ఇటు అటు కూర్చున్నను పొడుగు తరంగములకు ఆ తేడా లెక్కకు రాదు; అవి చక్కగా ఎదురెదురై నశించును. పొట్టి తరంగములు తల కొంచెము కదలినంతనే ఒకచోట కలిసియు, వేఱొకచోట ఎదిరించియు నుండుటచే పూర్తిగా పోవు. అందుచేతనే సన్నని భాగము మిగిలి, నిండైన భాగము మాయమగును.

తీగలు తారుమారు చేసి సరిగ తగిలించుటకు పట్టిన కాలము ఒక నిమిషము, ఖర్చు సున్న. కాసెట్టు మరల పెట్టితిని. రెండవ పద్యము ముగియకముందే మా అమ్మ చేతిలోని చేట నట్లే పట్టుకొని వాకిటికి వచ్చి నిలిచెను. ఏమియు అనలేదు. ఆ ప్రక్క ముగియు వఱకు లోపలికి పోలేదు.

ఈ పరీక్షను ప్రతివారును చేసికొనవచ్చును. యంత్రమును ఆపి, రెండు పెట్టెలను ఎదురెదురుగా దగ్గరకు చేర్చి, ఒక్క గొంతు పలుకు ప్రసంగమునో పాటనో పెట్టి వినుడు. మరల యంత్రమును ఆపి, ఒక్క పెట్టె తీగలను మాత్రము మార్చి వినుడు. ఏ విధమున అడుగుభాగము ఎక్కువగా వినబడునో అదియే సరియైన కూర్పు. తీగల కొనలు ఒకదానికొకటి తగులకుండ జాగ్రత్తపడవలెను; తగిలినచో ఆంప్లిఫయరు చెడును. ఎన్నడును యంత్రము నడచుచుండగా తీగలు విప్పరాదు.

పెట్టెలను నిలుపు చోటు

మన యిండ్లలో స్పీకరు పెట్టెలను బీరువా మీదనో, అద్దాల షోకేసులోనో, లేదా ఒకటి కిటికీలోను మఱియొకటి నేలమీదను ఉంచుట వాడుక. ఇందువలన మంచి పెట్టెలు కూడ చెడ్డపేరు తెచ్చుకొనును. సన్నని స్వరములు దీపపు వెలుగువలె సూటిగా పోవును. అందుచేత వానిని పలికించు చిన్న స్పీకరు, వినువాడు కూర్చున్నపుడు అతని చెవి యెత్తున నుండవలెను. రెండు పెట్టెలకు నడుమ ఎంత దూరమో, ఒక్కొక్క పెట్టెకును వినువానికిని అంతే దూరముండునట్లు, అనగా సమబాహు త్రిభుజమగునట్లు అమర్చుట మేలు. చిన్న గదిలో రెండు మీటర్లు చాలును.

గోడ విషయము మఱింత ముఖ్యమైనది. గంభీర స్వరములు పెట్టె చుట్టును వ్యాపించి, వెనుక గోడకు తగిలి తిరిగివచ్చి కలియును. ఇందుచే గోడదగ్గర వాని బలము 6 డెసిబెల్ల వఱకు పెరుగవచ్చును. మూలలో మూడు తలములు కలియుటచే ఇంకను పెరుగును. కావున ధ్వని పలుచగా నున్నచో పెట్టెలను కొంచెము కొంచెముగా గోడవైపునకు జరుపుడు. గుమ్మటమువలె మ్రోగినచో ముందుకు లాగుడు. నాలుగు వ్రేళ్ల మేర జరిపినను తేడా తెలియును.

కూర్చుండు చోటును మార్చి చూడవలెను. నాలుగు మీటర్ల పొడవుగల గదిలో ఎదురెదురు గోడల నడుమ సుమారు 43 హెర్ట్జుల తరంగము నిలిచి మ్రోగును. అది గోడలవద్ద మిక్కిలి బలముగను, సరిగ గది నడుమ మిక్కిలి బలహీనముగను ఉండును. గది నడుమ కుర్చీ వేసికొని "నా స్పీకరులో గాంభీర్యము లేదు" అనువాడు మూరెడు వెనుకకు జరిగినంతనే తన మాట మార్చుకొనవచ్చును.

గదియు నొక వాద్యమే

1895వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారికి ఒక చిక్కు వచ్చినది. క్రొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియములోని ఉపన్యాసశాలలో ఉపన్యాసకుడు చెప్పు మాట ఒక్కటియు తెలియకుండెను. పలికిన మాట అయిదున్నర సెకనులు మ్రోగుచుండగా, దాని తరువాతి మాటలు దానిపై పడుచుండెను. వాలెస్ సెబైన్ అను యువ ఉపాధ్యాయునికి ఈ పని అప్పగింపబడెను. ఆయన సమీపముననున్న సాండర్సు నాటకశాలనుండి కుర్చీల మెత్తలను రాత్రివేళ మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా శాలలో పఱపించి, మ్రోత యెంతసేపటికి అణగునో కొలిచెను. మెత్తలు పెరిగినకొలది మ్రోత తగ్గెను. గదుల నాదమును లెక్కకట్టు శాస్త్రము ఆ మెత్తలనుండియే పుట్టినది. 1900వ సంవత్సరమున తెఱచిన బోస్టను సింఫనీ హాలు ఆయన లెక్కల సాయముతో కట్టబడినది.

మన క్రొత్త యిండ్లను చూడుడు. క్రింద నున్నని టైలు బండలు, చుట్టును సిమెంటు గోడలు, అద్దపు కిటికీలు. సన్నని స్వరములు వీనినుండి బంతివలె ఎగిరి తిరిగివచ్చి చెవిని గ్రుచ్చును. దీనికి మందు దుకాణములో లేదు, ఇంటనే యున్నది. స్పీకరులకును మనకును నడుమ నేలమీద ఒక వరంగల్లు జంబుఖానా పఱచుడు. కిటికీకి దళసరి తెర కట్టుడు. వెనుక గోడకు పుస్తకముల బీరువాను చేర్చుడు. పరుపువేసిన మంచమున్న గది, ఏమియు లేని గదికంటె ఎల్లప్పుడు మెత్తగా పలుకును. అయితే గుడ్డలు సన్నని స్వరములనే ఎక్కువగా పీల్చును. గంభీర స్వరముల నంతగా అణపజాలవు. కావున గదినంతయు బొంతలతో కప్పినచో ధ్వని మూగపోవును. చేతులు చఱచి చూడుడు: టపటపమని గోడలనుండి గొలుసువలె మాఱుమ్రోత వచ్చినచో ఇంకను గుడ్డ కావలెను, రానిచో చాలును.

మన చెవియందలి గుణము

యంత్రము, గది బాగున్నను, మెల్లగా పెట్టుకొన్నపుడు నిండుదనము తగ్గినట్లు తోచును. ఇది చెవి స్వభావము. బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను వారు 1933వ సంవత్సరమున దీనిని కొలిచి చూపిరి: ధ్వని సన్నగిలినకొలది, గంభీర స్వరములపట్ల మన చెవి మఱింత మందమగును. అందుచేతనే అనేక యంత్రములపై లౌడ్‌నెస్ అను మీట యుండును. రాత్రివేళ మెల్లగా వినునపుడు దానిని వేయుట తప్పుగాదు. లేనిచో బేస్ మరను రెండు మూడు డెసిబెల్లు పెంచి, ట్రెబుల్ మరను ఒకటి రెండు తగ్గింపుడు. ఇంతకుమించి త్రిప్పవలదు. 6 డెసిబెల్లు పెంచుట యనగా ఆ స్వరములకు నాలుగు రెట్లు శక్తి నిమ్మని యంత్రము నడుగుట.

కొనవలసి వచ్చినచో

ఇవన్నియు చేసిన పిమ్మటను తృప్తి కలుగనిచో, అప్పుడు సొమ్ము సంగతి తలపవచ్చును. అప్పుడును వరుస తప్పరాదు.

మొదటిది స్పీకరులు. యంత్రములన్నిటిలో నాదమును ఎక్కువగా మార్చునవి ఇవే. ఒకే బలముగల నాదమును ఒక స్థాయి క్రిందికి, అనగా సగము పౌనఃపున్యమునకు దించి పలుకవలెనన్న, కాగితపు గిన్నె నాలుగింతల దూరము కదలవలెను. మూడంగుళముల గిన్నెకు అది శక్యము గాదు. ఆఱున్నర లేక ఎనిమిది అంగుళముల గిన్నెయు, తట్టినచో గల్లుమనక బరువుగా పలుకు పెట్టెయు ఉన్నవి కోరుడు. పైన పటారము, లోన లొటారముగా నుండు మెఱుపుల పెట్టెలకు మోసపోవలదు. మన యింటి కాసెట్టునో, బాగుగ నెఱిగిన గొంతునో దుకాణమునకు తీసికొనిపోయి విని కొనుడు. మానవకంఠమును మించిన పరీక్ష లేదు.

రెండవది సబ్‌వూఫరు. ఇది సుమారు 80 హెర్ట్జులకు క్రిందనున్న భాగమును మాత్రమే పలికించును. దానిని నిలుపు చోటు కనుగొనుట కొక చమత్కారమున్నది. మీరు కూర్చుండు చోట దాని నుంచి, గది గోడల వెంబడి వంగి నడచుచు వినుడు. ఏ చోట గాంభీర్యము సమముగా, ఉబ్బరము లేక వినబడునో ఆ చోట దానిని పెట్టుడు.

మూడవది ఆంప్లిఫయరు. శక్తి రెట్టింపయినచో పెరుగునది 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి రెట్టింపుగా తోచుటకు సుమారు పదింతల శక్తి కావలెను. కావున 50 వాట్ల యంత్రమును తీసి 100 వాట్ల దానిని పెట్టినవానికి కలుగు లాభము స్వల్పము. ఒక వాటునకు 86 డెసిబెల్లు పలుకు స్పీకరును మార్చి 89 డెసిబెల్లు పలుకుదానిని తెచ్చినను అంతే లాభము. వాట్లు చూచి కొన్న నా తెలివి ఎంతటిదో ఇందువలన మీకు బోధపడును.

కొందరు వాల్వుల ఆంప్లిఫయరును మెచ్చుకొందురు. 1906వ సంవత్సరమున లీ డి ఫారెస్టు కనిపెట్టిన మూడు కొనల వాల్వు వంశములోనివే ఇవి. వీనిలో పలుదానికి నాదమునకు దాని రెట్టింపు స్వరమును కొంచెము చేర్చు గుణముండును. రెట్టింపు స్వరము శ్రుతిలోనిదే గావున చెవికి ఇంపుగా తోచును. అది తాలింపువంటిది, పప్పు ఉడుకనిచో తాలింపు పెట్టి ఏమి లాభము? మఱియు వీనిలో వందలకొలది వోల్టులుండును. విద్యార్థులు వీనిని విప్పరాదు.

తీగలకు వేలు పోయవలదు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయిదు మీటర్ల దూరమునకు, పోవుటకును వచ్చుటకును కలిపి, సుమారు 0.115 ఓముల నిరోధము మాత్రమే కలిగియుండును. 8 ఓముల స్పీకరుతో పోల్చగా ఇది నూటికి ఒకటిన్నర పాలు. పదవ తరగతివారు ఈ లెక్కను స్వయముగా వేసి చూచుకొందురుగాక.

కడపటి మాట

వినుటకు చెవులు నిలిచియుండవలెను గదా! పెద్దలకు వారమునకు 40 గంటలు 80 డెసిబెల్లును, పిల్లలకు అంతే కాలము 75 డెసిబెల్లును మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించుచున్నది. నిండైన నాదమునకు కేకలు అవసరము లేదు. నిండుకుండ తొణకదు. అదియునుగాక, ప్రక్కయింట పరీక్షకు చదువుకొను బిడ్డ ఉండవచ్చును.

మా వంటింటి కప్పు మరుసటి యేడు బాగుచేయించితిని. ఆంప్లిఫయరు ఇప్పటికిని మంచిదే. దానియందు దోషము లేదు. దోషము ఎన్నడును దానియందు లేదు. నేను కొనుటకు ముందు చూడలేదు. మా అమ్మాయి కొననవసరము లేకుండ చూచినది. మీ యింట ధ్వని పలుచగా నున్నచో, ఈ సంచిక చదివి ముగించిన వెంటనే లేచి, మొదట ఆ రెండు తీగల రంగులు చూడుడు.